అరిసె ఒకటే, పేర్లు అనేకం

సరిహద్దు గ్రామాలలో ఇంటి మాట ఒకటి, పుస్తకపు మాట మరొకటి కావడంతో పిల్లలు తికమకపడుతుంటారు. పండుగ వంటలలో అరిసె ఇందుకు చక్కని ఉదాహరణ.

నానిన బియ్యాన్ని తడి ఆరకముందే దంచి, ఆ పిండిని బెల్లపు పాకంలో కలిపి, నూనెలోనో నేతిలోనో వేయించిన వంటకమే అరిసె. గోదావరి జిల్లాలలోనూ యానాంలోనూ ఇది సంక్రాంతి వంటకం. ఒడిశాలో దీనిని ఆరిసా పిఠా అంటారు. తమిళనాట అదిరసం, కన్నడనాట కజ్జాయ; ఈ రెండు చోట్లా దీపావళికి వండుతారు. చిత్తూరు సీమలోనూ, హోసూరు ప్రాంతపు తెలుగు ఇండ్లలోనూ కజ్జాయమనే మాటే వినిపిస్తుంది. మహారాష్ట్రలో బియ్యాన్ని మూడు దినాలు నానబెట్టి, గసగసాలు అద్ది వేయించి, అనారసా అంటారు.

అయితే కజ్జాయం వేరు, కజ్జికాయ వేరు. లోపల తీపి పూర్ణం పెట్టి, అర్ధచంద్రాకారంగా మడిచి వేయించినది కజ్జికాయ. అదే కన్నడంలో కర్జికాయి, మరాఠీలో కరంజీ, తమిళంలో సోమాసి. కోస్తా నుండి హోసూరు వైపు కోడలుగా వచ్చిన పిల్లను అత్తగారు కజ్జాయాలు చేయమంటే, ఆమె కొబ్బరి తురమడానికి కూర్చోవడం సహజమే. అందులో తప్పు ఎవరిదీ కాదు.

పుస్తకంలో అరిసె అని ఉన్నంత మాత్రాన ఇంటిలోని కజ్జాయం అశుద్ధం కాదు. అది పొరుగు భాషతో తరతరాల సహవాసానికి గుర్తు. పిల్లలు సిగ్గుపడి విడిచిన మాట మరుతరానికి అందదు. కనుక పండుగకు మూకుడు పొయ్యి మీదికెక్కిన నాడు, రెండు పేర్లనూ వారిచేత పక్కపక్కనే వ్రాయించడం మేలు.