పన్నీరు గులాబీ: కత్తిరిస్తే ఎందుకు పూస్తుంది?

బళ్లారి సత్యనారాయణపేటలో మీ ఇంటి ముందు కుండీలో గులాబీ పెంచాలనుకుంటున్నారా? అయితే పన్నీరు గులాబీని ఎంచుకోండి. 1867 కంటే ముందునుంచీ ఉన్న రకాలను పాతకాలపు గులాబీలంటారు. ఇదీ వాటిలోదే.

విత్తనం ఎందుకు నాటం?
విత్తనంతో వచ్చే మొక్క తల్లిలాగే ఉండకపోవచ్చు. అందుకే పెన్సిలంత లావు కొమ్మను జానెడు పొడవున కోసి, రెండు గణుపులు మట్టిలోకి వెళ్లేలా వానాకాలంలో నాటుతారు.

నల్లరేగడి ఒక్కటే చాలదా?
చాలదు. అది నీటిని పట్టి ఉంచుతుంది. గాలి అందక వేర్లు కుళ్లిపోతాయి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి.

కత్తిరిస్తే ఏమవుతుంది?
కొమ్మ చివరి మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను పక్క మొగ్గలను ఎదగనివ్వదు. చివర తుంచితే ఆ అడ్డు తొలగి పక్కనుంచి కొత్త చిగుళ్లొస్తాయి. పూలు పూసేది వాటికే.

నీళ్లెప్పుడు పోయాలి?
పొద్దున్నే, మొక్క మొదట్లో. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు సోకుతుంది.

పూలు తెల్లవారుజామునే ఎందుకు కోస్తారు?
వాసననిచ్చే నూనెలు ఎండకు ఆవిరైపోతాయి. పన్నీరు తయారుచేసేవాళ్లూ అందుకే ఎండెక్కకముందే కోస్తారు.