ముందు నంబరు పలక వలయునా?

కారునకు వెనుక నంబరు పలక యున్న చాలదా? అమెరికాలో ఈ నిర్ణయము ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే చేసికొనును. ఖర్చు తగ్గునని కొందరు, కారు అందము చెడదని కొందరు ముందు పలక వలదందురు. ఒహాయో రాష్ట్రము 2020 జూలై 1 నుండి దానిని తీసివేసినది. మన దేశమున మాత్రము 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములను బట్టి కార్లకు రెండు పలకలును ఉండవలయును.

బడి బస్సు ఆగి పిల్లలు దిగుచున్నప్పుడు, ఇరుకు రోడ్లపై ఎదురు వచ్చు కార్లు కూడ ఆగవలెనని అచ్చటి చట్టము. ఒక కారు ఆగక దూసికొనిపోయిన, బస్సు నడుపువానికి ఎదుట కనబడునది దాని ముందు భాగమే. అచ్చట అంకెలు లేనిచో ఆ కారు ఎవరిదని అతడు చెప్పగలడు? రోడ్డు దాటు బిడ్డను తలచుకొనియే మేము రెండు పలకలును వలయునందుము.