ఒక కార్డా, రెండు కార్డులా?

ఈ సెలవుల్లో మా ఇంట్లో కంప్యూటర్ కొంటున్నాం. రెడీమేడ్‌ది కాదు, విడివిడిగా సామాన్లు కొని మేమే బిగించుకునేది. నాన్న చీటీ పాడుకున్న డబ్బు దీనికి తీసిపెట్టారు. తమ్ముడికి ఆటలు కావాలి, నాకు వీడియో ఎడిటింగ్ కావాలి. లెక్కంతా కుదిరి గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఆగింది. రిచీ స్ట్రీట్‌లో ఒక దుకాణంలో, ఒక కొత్త కార్డు డబ్బుకి సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1070 కార్డులు రెండు ఇస్తామన్నారు. రెండుంటే డబల్ స్పీడ్ అని తమ్ముడి వాదన. జోడెడ్లు కడితే బండి బాగా లాగుతుంది కదా అని అమ్మమ్మ కూడా వాడి వైపే. మన క్లాసులో ఇంకో ఇద్దరి ఇళ్ళల్లో కూడా ఇదే మాట నడుస్తోందని తెలిసి, నేను చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ కార్డు చేసే పని ఏమిటో చూద్దాం. ఆటలో మనకు కదులుతూ కనిపించేది నిజానికి బొమ్మల వరుస. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కో బొమ్మకు దొరికే టైము సెకనులో అరవయ్యో వంతు. ఆ బొమ్మను ఫ్రేమ్ అంటారు. దాన్ని గీసేది గ్రాఫిక్స్ కార్డు. గీయడానికి కావలసిన గోడలు, చెట్లు, ముఖాలు అన్నీ కార్డు మీదే ఉండే సొంత మెమరీలో పెట్టుకుంటుంది.

రెండు కార్డులు కలపడం కొత్త ఆలోచన కాదు. 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ అనే కంపెనీ వూడూ 2 కార్డులు రెండింటిని జతచేసి, తెర మీది గీతల్లో సరి గీతలు ఒకదానికి, బేసి గీతలు ఇంకోదానికి పంచింది. దాని పేరు ఎస్‌ఎల్‌ఐ. తరువాత ఆ కంపెనీ ఆస్తులను ఎన్విడియా కొనుక్కుంది. 2004లో అవే మూడు అక్షరాలకు వేరే అర్థం చెప్పి మళ్ళీ అమ్మింది. మరుసటి ఏడాది ఏటీఐ కంపెనీ క్రాస్‌ఫైర్ అని తన జోడీని తెచ్చింది. ఈ రెండో విడతలో పంపకం ఎక్కువగా ఫ్రేముల వారీగా జరిగేది. ఒక ఫ్రేము ఈ కార్డు గీస్తే, తరువాతది ఆ కార్డు గీస్తుంది.

ఇక్కడే చిక్కంతా ఉంది. మనం అసైన్‌మెంట్ రాయడంతో పోల్చి చెప్తాను. నలభై పేజీల అసైన్‌మెంట్‌ను ఇద్దరు స్నేహితురాళ్ళు పంచుకున్నారనుకోండి. సరి పేజీలు ఒకామె, బేసి పేజీలు ఇంకొకామె. ఇద్దరూ వేరువేరు గదుల్లో కూర్చున్నారు కాబట్టి టెక్స్ట్ బుక్ ఇద్దరికీ చెరొకటి కావాలి. రెండు కాపీలు కొన్నంత మాత్రాన చదవడానికి రెండు పుస్తకాలు అయినట్టు కాదు, ఉన్నది ఒక పుస్తకమే. కార్డుల మెమరీ కూడా అంతే. 8 జీబీ కార్డులు రెండు పెడితే ఆటకు దొరికేది 16 కాదు, 8 మాత్రమే. దుకాణంలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇప్పటి ఆటలతో ఇంకో బాధ ఉంది. బొమ్మ అంచులు నున్నగా రావడానికి అవి ముందు ఫ్రేములోని సమాచారాన్ని తీసుకుని దాని మీద ఈ ఫ్రేము కడతాయి. అంటే ఆరో పేజీ మొదలు పెట్టాలంటే ఐదో పేజీ చివరి వాక్యం చూడాలి. అది పక్క గదిలో ఉంది, ఇంకా పూర్తి కాలేదు. ఇక పంచుకుని లాభమేముంది?

పైగా లెక్క ప్రకారం స్పీడ్ పెరిగినా కంటికి అలా అనిపించకపోవచ్చు. మన కాలేజీ స్టాపులో రెండు బస్సులు ఒకదాని వెనకే ఒకటి వచ్చేసి, తరువాత అరగంట ఏదీ రాదు చూశారా, అలాగన్నమాట. గంటకు నాలుగు బస్సులు అన్న లెక్క తప్పు కాదు, కానీ నిలబడ్డవాళ్ళకు తెలుస్తుంది ఆ బాధ. రెండు కార్డుల ఫ్రేములు కూడా ఇలా జంటగా వచ్చి మధ్యలో ఖాళీ వస్తే బొమ్మ కుదుపులతో కదులుతుంది.

ఈ జోడీ పని చేయాలంటే ఒక్కో ఆటకు కార్డు కంపెనీ విడిగా సెట్టింగులు రాసి ఇవ్వాలి. 2021 జనవరి 1 నుంచి కొత్తవి రాయడం ఎన్విడియా మానేసింది. డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక ఆ పని ఆట తయారుచేసేవాళ్ళ మీద పడింది, వాళ్ళలో పూనుకున్నవారు చాలా తక్కువ. అసలు 2016లోనే జీటీఎక్స్ 1060కి జతచేసే పళ్ళు తీసేశారు. 4090 లాంటి పెద్ద కార్డుకు కూడా అవి లేవు. మాకు చూపించిన 1070కి పళ్ళు ఉన్నాయి నిజమే. కానీ ఆ తరం కార్డులకు కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి.

ఖర్చు కార్డులతో అయిపోదు. 1070 ఒక్కోటి 150 వాట్లు తింటుంది, రెండూ కలిసి 300. కొత్త ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటే పెడితే 115, మెమరీ అదే 8 జీబీ. రెండు కార్డులకు పెద్ద పవర్ సప్లై కావాలి. మదర్‌బోర్డులో రెండు పొడవాటి స్లాట్లు కనిపించినా, తక్కువ ధర బోర్డుల్లో రెండోదానికి లోపల నాలుగు లేన్లే ఉంటాయి, ఎస్‌ఎల్‌ఐకి కనీసం ఎనిమిది కావాలి. ఇక వేడి. కింది కార్డు వదిలిన వేడిగాలినే పై కార్డు పీల్చుకుంటుంది. ఏసీ లేని గదిలో, మే నెలలో, చెన్నైలో!

రెండు కార్డులు పనికిరావని కాదు. బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు రెండర్ చేసేవారికి రెండోది నిజంగానే టైము తగ్గిస్తుంది, జతచేసే పళ్ళు కూడా అక్కర్లేదు. కాకపోతే ఒక్కో కార్డు మెమరీలోనూ సీనంతా పట్టాలి. ఏఐ భాషా మోడళ్ళను ఇంట్లో నడిపేవారు మోడల్‌ను పొరలుగా విడదీసి రెండు కార్డుల్లో సర్దుతారు, అక్కడ మాత్రం మెమరీ నిజంగా కూడుతుంది. నా ఎడిటింగ్ సంగతికొస్తే, డావించీ రిసాల్వ్ ఉచిత వెర్షన్ ఒక్క కార్డునే వాడుకుంటుంది. అంటే ఆ రెండో కార్డు నాకూ అక్కరకు రాదు, తమ్ముడికీ రాదు.

కాబట్టి మొదటి కంప్యూటర్‌కు ఒక్క కార్డే, దొరికినంతలో మంచిది తీసుకోవాలని నా అభిప్రాయం. జోడెడ్ల సూత్రం నిజంగా పనిచేసే చోటు ర్యామ్. 16 జీబీ ఒకటే పుల్లగా కాకుండా 8 జీబీవి రెండు తీసుకుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి డేటా లాగుతుంది. ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు.

కొనడానికి వెళ్ళేవాళ్ళు క్యాబినెట్ లోపలి పొడవు టేపుతో కొలుచుకుని వెళ్ళండి, కొన్ని కార్డులు ముప్పై సెంటీమీటర్లు దాటుతాయి. సెకండ్ హ్యాండ్‌దైతే దుకాణంలోనే బిగించి అరగంట ఆట నడిపి చూపించమనండి. పాత బిల్లు, వారంటీ మిగిలిన నెలలు అడగండి. బిల్లు లేదంటే ఎంత తగ్గించినా వద్దు.