క్లచ్ ఎందుకు జారుతుంది? – పాత మోటారు సైకిలు మరమ్మతు

మీరు గీదంలో ఉంటున్నారనుకుందాం. ఒక పాత హీరో హోండా మీద సరుకు మూటలు కట్టుకొని వారపు సంతలకు తిరుగుతున్నారు. బస్తానార్ ఘాట్ ఎక్కుతున్నారు. రేజ్ ఇస్తే ఇంజన్ గట్టిగా అరుస్తోంది గాని బండి ముందుకు సాగడం లేదు. గేరు తగ్గించినా అంతే. కాసేపటికి ఏదో కాలిన వాసన. పొద్దు వాలుతోంది, వెనుక మూటలున్నాయి.

మర్నాడు షాపుకు తీసుకువెళితే మెకానిక్ బండి దిగకుండానే "ప్లేట్ ఘిస్ గయా" అంటాడు. ప్లేట్లు అరిగాయి, సెట్టు మొత్తం మార్చాలి అని దాని అర్థం. అతను చెప్పింది నిజం కావచ్చు. కాని కాసేపు పానా తిప్పితే సరిపోయే పనికి కూడా అదే మాట వినిపిస్తుంది. ఏది నిజమో మీరే తేల్చుకోగలిగితే మీ డబ్బు, మీ సంత రోజు రెండూ మిగులుతాయి. ఈ పాఠం అందుకే.

క్లచ్ లోపల ఏం జరుగుతుంది?

రెండు అరచేతులను గట్టిగా కలిపి నొక్కండి. ఇప్పుడు ఒక చేతిని కదిపితే రెండోది కూడా కదులుతుంది. నొక్కడం తగ్గించండి. ఒక చెయ్యి రెండోదానిమీద జారిపోతుంది. క్లచ్ పనిచేసే తీరు ఇదే.

ఇంజన్‌తో పాటు తిరిగే ఫైబర్ ప్లేట్లు కొన్ని, గేరుబాక్సును తిప్పే స్టీలు ప్లేట్లు కొన్ని ఒకదాని మధ్య ఒకటి అమర్చి ఉంటాయి. స్ప్రింగులు వీటినన్నింటినీ కలిపి ఎప్పుడూ నొక్కుతూనే ఉంటాయి. మీరు హ్యాండిలు మీది లివరు పట్టినప్పుడు కేబుల్ లాగబడి, స్ప్రింగుల బలానికి ఎదురు వెళ్ళి, ప్లేట్లను విడదీస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. లివరు, కేబుల్ చేసే పని ప్లేట్లను విడదీయడమే, కలపడం కాదు. కలిపేది స్ప్రింగులు. ఈ విషయం తెలియకనే చాలామంది క్లచ్ జారుతోందనగానే కేబుల్ బిగిస్తారు. నేనూ ఒకసారి ఇదే చేశాను. కేబుల్ బిగిసిన కొద్దీ లివరు వదిలేసినా ప్లేట్లు సగం విడివడే ఉంటాయి. జారడం ఇంకా పెరుగుతుంది. రెండు మూడు ఘాట్లు ఎక్కేసరికి బాగున్న ప్లేట్లు కూడా కాలిపోతాయి.

నిజంగా క్లచ్చేనా?

బండి లాగకపోవడానికి వేరే కారణాలుంటాయి. వెనుక బ్రేకు పట్టేసి ఉండవచ్చు, ఇంజన్ బలహీనపడి ఉండవచ్చు. అయితే ఇంజన్ బలహీనమైతే మోత కూడా పెరగదు. మోత పెరిగి వేగం పెరగకపోతేనే క్లచ్‌ను అనుమానించాలి.

ఖాళీగా ఉన్న చదును రోడ్డుమీద పై గేరులో ముప్పై కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఒక్కసారిగా రేజ్ ఇవ్వండి. మోతా వేగమూ కలిసి నెమ్మదిగా పెరిగితే క్లచ్ బాగుంది. మోత ముందుగా ఎగిరిపోయి వేగం అక్కడే ఉంటే జారుతున్నట్లే. పాత బుల్లెట్ ఉన్నవారికి ఇంకో ఆనవాలు కూడా కనిపిస్తుంది. అందులో కిక్కు బలం క్లచ్ గుండానే ఇంజన్‌కు చేరుతుంది కాబట్టి, క్లచ్ జారితే కిక్కు తేలిగ్గా కిందికి దిగిపోతుంది, ఇంజన్ తిరగదు.

ఈ పరీక్ష పదే పదే చేయకండి. జారిన ప్రతిసారీ ప్లేట్లు వేడెక్కి అరుగుతాయి.

మొదట లివరు దగ్గర చూడండి

బండి ఆపి, లివరు చివరను వేలితో మెల్లగా లాగండి. బిగువు తగిలేలోగా అది కొంత ఉత్తినే కదలాలి. దీనిని ఫ్రీ ప్లే అంటారు. హీరో హోండా వంటి బళ్ళకు లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే ఇంచుమించు మీ వేలి వెడల్పు. అసలే లేకపోతే మీ జబ్బు చాలావరకు దొరికినట్లే.

ప్లేట్లు అరిగేకొద్దీ ఈ వదులు దానంతటదే తగ్గుతూ వస్తుంది. అందుకే ఏడాది కిందట సరిగ్గా ఉన్నది ఇవాళ సరిగ్గా లేకపోవచ్చు. కేబుల్‌కు ఇంజన్ వైపు ఉన్న అడ్జస్టరు లాక్ నట్టు వదులుచేసి, కావలసినంత వదులు వచ్చేవరకు తిప్పి, నట్టు మళ్ళీ బిగించండి. లివరు దగ్గర చిన్న అడ్జస్టరు ఉంటే దానిని కొద్ది సవరణకు ఉంచుకోండి.

కేబుల్ సాఫీగా ఆడుతోందా కూడా చూడాలి. బస్తర్ వానలకు, ఎర్ర దుమ్ముకు కేబుల్ లోపల తుప్పు పట్టి, లివరు వదిలినా వెనక్కి రాదు. పై కొన విప్పి నిలువుగా పట్టుకొని, లోపలికి నాలుగైదు చుక్కల నూనె దిగనివ్వండి. తీగపోగులు తెగి ఉంటే నూనెతో లాభం లేదు, కేబుల్ మార్చండి.

తరువాత నూనె

మన బళ్ళలో ఎక్కువ వాటికి క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి పనిచేస్తాయి. హీరో హోండా సిడి 100, స్ప్లెండర్ వంటి నాలుగు స్ట్రోకుల బళ్ళలో ఇంజన్ ఆయిలే క్లచ్‌కూ చేరుతుంది. రెండు స్ట్రోకుల యమహా ఆర్‌ఎక్స్ 100లో గేరుబాక్సు నూనె, పాత బుల్లెట్‌లో ఎడమవైపు చైను కేసులోని నూనె ఆ పని చేస్తాయి. బుల్లెట్ చైను కేసులో కొలతకు మించి పోసినా క్లచ్ జారుతుంది.

కార్ల కోసం చేసిన కొన్ని నూనెలలో జారుడు పెంచే పదార్థాలు కలుపుతారు. కారుకు అది మేలు, ఎందుకంటే కారు క్లచ్ నూనెలో ఉండదు. మన బండికి అదే చేటు. మోటారు సైకిలు నూనె డబ్బా మీద 'జాసో ఎంఏ' అన్న గుర్తు ఉందేమో చూడండి. జపాన్‌లో 1998లో వచ్చిన ఈ ప్రమాణం నూనెలో మునిగిన క్లచ్‌కు పనికివచ్చే నూనెను తెలుపుతుంది. ఈ మధ్యనే ఎవరో కారు నూనె పోసి ఉంటే, దానిని తీసివేసి సరైనది పోసి కొన్నాళ్ళు నడిపి చూడండి. అప్పటికీ జారుతుంటే ప్లేట్లు చూడక తప్పదు.

ఇక విప్పవలసి వస్తే

వదులు సరిగ్గా ఉంది, కేబుల్ ఆడుతోంది, నూనె సరైనదే, అయినా జారుతోంది. అప్పుడే కవరు విప్పాలి. మొదటిసారి తెలిసినవారి పక్కన కూర్చొని చేయండి. కవరు బోల్టులు అన్నీ ఒకే పొడవుండవు. అట్టముక్కమీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోటనే గుచ్చి ఉంచండి.

స్ప్రింగు బోల్టులను ఒకదానిని పూర్తిగా విప్పి రెండోదానికి పోకూడదు. ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయండి. కొన్ని బళ్ళలో నడిమి నట్టు లేదా సర్‌క్లిప్పు కూడా తీయాలి. ప్లేట్లు వచ్చిన వరుసలోనే పేర్చండి. కొత్త ఫైబర్ ప్లేటు సాధారణంగా 3 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. ఎంతవరకు అరగవచ్చో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. స్టీలు ప్లేట్లను అద్దంమీద పరచి ఒంపు చూడండి. నీలిరంగు తిరిగితే బాగా కాలినట్లు. స్ప్రింగులను కొత్తవాటి పక్కన నిలబెట్టి చూడండి, పొట్టివైపోయి ఉంటే మార్చాలి. పాత స్ప్రింగులతో కొత్త ప్లేట్లు వేయడం నా దృష్టిలో డబ్బు దండగే.

కొత్త ఫైబర్ ప్లేట్లను బిగించేముందు కొన్ని గంటలు ఇంజన్ ఆయిల్‌లో నాననివ్వండి. చివరగా ఫ్రీ ప్లే మళ్ళీ సరిచేయండి. ఇది మరచిపోయేవారు చాలామంది.

పాఠ్యగత ప్రశ్న

కొత్త ప్లేట్లు వేయించిన వారానికే ఒకరి బండి మళ్ళీ జారుతోంది. ఆయనకు ఘాట్ రోడ్డులో లివరుమీద రెండు వేళ్ళు ఆనించి నడిపే అలవాటుంది. కారణమేమై ఉంటుంది?

జవాబు: వేళ్ళ బరువుకు లివరు వదులంతా పోయి ప్లేట్లు కొద్దిగా విడివడే ఉంటాయి. ఎక్కుడులో బరువు పడగానే జారి కాలతాయి. ముందుగా వేళ్ళు తీయించి, ఆపైన ఫ్రీ ప్లే చూడాలి.