చెరకుతో ప్లాస్టిక్ సరే, మట్టిలో కలిసేదెక్కడ?

లక్ష్మీ నగర్ (ఢిల్లీ): యమునకు తూర్పున, వికాస్ మార్గ్ వెంట ఉన్న లక్ష్మీ నగర్ పొద్దుపోయే దాకా రద్దీగానే ఉంటుంది. శిక్షణ సంస్థల విద్యార్థులు, టిఫిన్ బండ్లు, కూరగాయల దుకాణాలు, మెట్రో దిగి ఇళ్లకు చేరే ఉద్యోగులు. ఇటువంటి బజారులో పలుచటి సంచి లేకుండా చిల్లర వ్యాపారం సాగడం కష్టం. కాగా ఒకసారి వాడి పారవేసే పలు ప్లాస్టిక్ వస్తువులను కేంద్ర ప్రభుత్వం 2022 జులై 1 నుంచి నిషేధించింది. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచటి ప్లాస్టిక్ సంచులకూ అనుమతి లేకుండా పోయింది.

అయితే ఎరువుగా మారే 'కంపోస్టబుల్' సంచులకు ఈ మందం నిబంధన వర్తించదు. వాటి తయారీదారులు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ధ్రువపత్రం పొందవలసి ఉంటుంది. పరిశ్రమ వర్గాల దృష్టి ఇప్పుడు ఈ మినహాయింపు మీదనే ఉంది.

పెరుగు పులుపే పునాది

ఈ కోవకు చెందిన ప్లాస్టిక్కులలో ముఖ్యమైనది పాలీ లాక్టిక్ యాసిడ్, సంక్షిప్తంగా పి.ఎల్.ఎ. చెరకు చక్కెరను గాని, మొక్కజొన్న పిండి నుంచి తీసిన గ్లూకోజును గాని సూక్ష్మజీవుల సాయంతో పులియబెడితే లాక్టిక్ ఆమ్లం లభిస్తుంది. పెరుగుకు పులుపునిచ్చేదీ ఇదే. దీని అణువులను గొలుసుకట్టుగా కలిపితే ప్లాస్టిక్ సిద్ధమవుతుంది. దీనికి ముడిసరుకు చమురు బావిలోంచి కాక పొలంలోంచి వస్తుంది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని బ్లెయిర్‌లో 2002 నుంచే మొక్కజొన్నతో దీనిని భారీ ఎత్తున తయారు చేస్తున్నారు.

మన దేశంలోనూ కదలిక మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లా కుంభీలో బలరాంపూర్ చీనీ మిల్స్ సంస్థ తలపెట్టిన పి.ఎల్.ఎ. కర్మాగారానికి 2025 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. పెట్టుబడి సుమారు 2,850 కోట్ల రూపాయలు, ఉత్పత్తి సామర్థ్యం ఏటా 80 వేల టన్నులు. మహారాష్ట్రలోని జెజూరిలో ప్రాజ్ ఇండస్ట్రీస్ నెలకొల్పిన ప్రయోగాత్మక కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభమైంది. చక్కెర ధర మీదనే ఆధారపడిన మిల్లులకు, వాటికి చెరకు తోలే రైతులకు ఇది మరో గిరాకీ కాగలదన్న ఆశ ఉంది.

తెలుగువారికీ ఈ తరహా సంచులు కొత్త కాదు. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ రూపొందించిన పరిజ్ఞానంతో తయారైన సంచుల విక్రయ కేంద్రాన్ని 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల వద్ద ప్రారంభించారు. ఇవి మూడు నెలల్లో మట్టిలో కలుస్తాయని అధికారులు అప్పట్లో ప్రకటించారు.

అసలు చిక్కు గుట్ట దగ్గర

మొక్క నుంచి పుట్టిన ప్లాస్టిక్ అంతా మట్టిలో కలిసేది కాదు. బ్రెజిల్‌లో 2010 నుంచి చెరకు ఆల్కహాలుతో తయారవుతున్న పాలిథిన్, మామూలు పాలిథిన్ లాగానే చిరకాలం మిగిలి ఉంటుంది. పి.ఎల్.ఎ. విచ్ఛిన్నమయ్యే స్వభావం కలదే అయినా, అందుకు కంపోస్టు కేంద్రంలో దాదాపు 58 డిగ్రీల వేడి, తగిన తేమ, గాలి అవసరం. మురుగు కాలువలో పడితే అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోగలదు. మామూలు ప్లాస్టిక్‌తో కలిస్తే పునర్వినియోగానికీ అడ్డు తగులుతుంది.

లక్ష్మీ నగర్‌కు తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఘాజీపూర్ చెత్తగుట్ట ఉంది. 1984లో మొదలైన ఈ డంపింగ్ యార్డు 2002 నాటికే నిండిపోయినా చెత్త తోలడం ఆగలేదు. 2017 సెప్టెంబరు 1న గుట్టలో కొంత భాగం కూలి ఇద్దరు మరణించారు. తర్వాతి సంవత్సరాల్లో పలుమార్లు మంటలు చెలరేగాయి. చెరకుతో చేసిన సంచి కూడా తక్కిన చెత్తతో కలిసి ఈ గుట్టకే చేరితే, దాని కోసం వర్తకుడు చెల్లించిన అధిక ధర వృథా అయినట్లే.

తడి, పొడి చెత్తను ఇంటివద్దనే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు నిర్దేశించాయి. వేరు చేసిన తడిచెత్తతో పాటు ఈ సంచులూ కంపోస్టు కేంద్రానికి చేరినప్పుడే ఫలితం దక్కుతుంది. కర్మాగారాలకు వేల కోట్లు సమకూరుతున్న వేళ, బజారు నుంచి కంపోస్టు కేంద్రం వరకు దారి వేయవలసిన బాధ్యత నగర పాలక సంస్థలది.