ఉప్పు చెప్పే పేర్ల కథ

నౌపడ ఉప్పు మళ్లలో ఎండకు మెరిసే తెల్లటి కుప్పలకీ, పదో తరగతి పిల్లల్ని హడలెత్తించే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ లాంటి పేర్లకీ సంబంధమేమిటి? చాలా దగ్గరి చుట్టరికం!

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ పేరు చెప్పగానే ఉప్పే గుర్తొస్తుంది. ఉప్పునీటిని మళ్లలోకి పెట్టి, ఎండకీ గాలికీ వదిలేస్తారు. నీరు ఇగిరేకొద్దీ ముందు జిప్సం అడుగున చేరుతుంది. ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. చివరికి మిగిలేది నోట పెట్టలేని చేదునీరు.

రసాయన శాస్త్రం వీటికి వేరే పేర్లు పెట్టింది. జిప్సంలో ఉండేది కాల్షియం సల్ఫేట్. ఉప్పు... సోడియం క్లోరైడ్. చేదునీటిలో ఎక్కువగా ఉండేవి మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్. అన్నీ లవణాలే. అన్ని పేర్లలోనూ రెండేసి మాటలే!

ఇంటిపేరు... సొంతపేరు

ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణం, నీరు వస్తాయి. మనకి ఇంటిపేరు, సొంతపేరు ఉన్నట్టే లవణానికీ రెండు పేర్లు. మొదటిది క్షారం నుంచి, రెండోది ఆమ్లం నుంచి వస్తాయి. సోడియం హైడ్రాక్సైడ్ నుంచి 'సోడియం', హైడ్రోక్లోరిక్ ఆమ్లం నుంచి 'క్లోరైడ్'... రెండూ కలిస్తే మన వంటింటి ఉప్పు. లవణం పేరు తెలిస్తే దాని తల్లిదండ్రులెవరో తెలిసిపోయినట్టే!

క్షారాల పేర్లు తేలిక. లోహం పేరు చెప్పి పక్కన 'హైడ్రాక్సైడ్' చేరిస్తే చాలు. గోడకు వేసే తడి సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. కడుపులో మంటకు తాగే తెల్లటి మందుల్లో చాలావాటిలో ఉండేది మెగ్నీషియం హైడ్రాక్సైడ్. అమ్మోనియా ఒక్కటే కాస్త తేడా. అది క్షారమే అయినా పేరులో హైడ్రాక్సైడ్ ఉండదు.

'ఏట్' అయితే 'ఇక్'

పిల్లలు తడబడేది ఆమ్లాల దగ్గరే. అక్కడా ఓ కిటుకుంది. ఆక్సిజన్ లేని ఆమ్లమైతే పేరు ముందు 'హైడ్రో' వస్తుంది. దాని లవణం చివర 'ఐడ్' ఉంటుంది. హైడ్రోక్లోరిక్ నుంచి క్లోరైడ్ అలా వచ్చిందే. ఆక్సిజన్ ఉంటే 'హైడ్రో' ఉండదు. అప్పుడు 'ఇక్' ఆమ్లం 'ఏట్' లవణాన్నీ, 'అస్' ఆమ్లం 'ఐట్' లవణాన్నీ ఇస్తాయి. సల్ఫ్యూరిక్‌లో ఆక్సిజన్ పరమాణువులు నాలుగు. దాని లవణం సల్ఫేట్. సల్ఫ్యూరస్‌లో మూడే. దాని లవణం సల్ఫైట్.

క్లోరిన్‌ది పెద్ద కుటుంబం. ఆక్సిజన్ ఒకటైతే హైపోక్లోరస్, రెండైతే క్లోరస్, మూడైతే క్లోరిక్, నాలుగైతే పర్‌క్లోరిక్. నాలుగు మెట్లూ వరసగా ఎక్కితే బట్టీ పట్టే పనే లేదు.

పేరులో మిగిలిపోయిన పొరపాటు

ఈ పద్ధతికి పునాది పడింది 1787లో. ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్, ఆయన సహచరులు అప్పుడు కొత్త పేర్ల విధానాన్ని ప్రకటించారు. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందని లావోయిజర్ నమ్మకం. అందుకే ఆ వాయువుకి 'ఆమ్లాన్ని పుట్టించేది' అనే అర్థంలో ఆక్సిజన్ అని పేరుపెట్టాడు. పాత తెలుగు పుస్తకాల్లోని 'ఆమ్లజని' దానికి సరైన అనువాదం. పొరపాటు కూడా పేరుతోపాటే మన భాషలోకి వచ్చేసింది!

ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది ఉప్పు నుంచి తీసే ఆమ్లమే. అప్పట్లో దాన్ని 'మ్యూరియాటిక్' ఆమ్లం అనేవారు. లాటిన్‌లో 'మ్యూరియా' అంటే ఉప్పునీరు. నౌపడ మళ్లలో నిలిచే నీరు లాంటిదే! అందులో ఆక్సిజన్ లేదని, క్లోరిన్ ఒక మూలకమని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. పచ్చటి రంగును సూచించే గ్రీకు మాట నుంచి క్లోరిన్ పేరు పుట్టింది. మన పెద్దలు దాన్ని 'హరితం' చేసి, హైడ్రోక్లోరిక్‌ను 'ఉదజహరికామ్లం' అన్నారు. పలకడం కష్టమే కానీ, విప్పి చూస్తే లోపల ఉన్నవేమిటో అదే చెబుతుంది.

పేరు తెలిస్తేనే క్షేమం

ఇదంతా మార్కుల కోసమే అనుకుంటే పొరపాటు. ఇంట్లో అన్నిటినీ 'యాసిడ్' అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. బ్యాటరీలో పోసేది సల్ఫ్యూరిక్. బాత్‌రూం కడిగే ద్రావణాల్లో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్. బ్లీచింగ్ పౌడర్‌లో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్... అంటే క్లోరిన్ కుటుంబంలో మొదటి మెట్టు. బాగా తెల్లబడుతుందని ఈ చివరి రెండూ కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే! మూసి ఉన్న బాత్‌రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. సీసా మీద పేరు చదివి అర్థం చేసుకోగల పిల్లలుంటే ఇంటిల్లిపాదికీ రక్షణే.

మరో విచిత్రం చూడండి. ఉప్పునీటిలోకి విద్యుత్తు పంపితే సోడియం హైడ్రాక్సైడ్, క్లోరిన్, హైడ్రోజన్ వస్తాయి. చివరి రెండూ కలిపితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారవుతుంది. ఉప్పుకి తల్లిదండ్రులనుకున్న ఆమ్లమూ క్షారమూ ఉప్పు నుంచే పుడతాయన్నమాట! అందుకే ఈసారి పిల్లలు పుస్తకం పట్టుకుని బుర్ర గోక్కుంటుంటే ముందు చిటికెడు ఉప్పు వాళ్ల చేతిలో పెట్టండి. పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.