సొరబుర్రకు తీగ కడితే...

ముదిరిన సొరకాయ, మూడడుగుల వెదురు కర్ర, ఒక్క తీగ. ఇవుంటే ఇంటి వరండాలోనే తంబుర తయారవుతుంది. అది పలికాక, గదిమూల గుడ్డ కప్పుకున్న వీణ కూడా గుర్తొస్తుందేమో!

పాదు మీద సొరకాయ ముదిరిపోతే మనకి ప్రాణం ఉసూరుమంటుంది. ఆకుల చాటున దాక్కుని, కోద్దామనుకునేసరికి గోరు దిగనంత గట్టిపడి ఉంటుంది. ‘సర్లే, విత్తనానికి వదిలేద్దాం’ అనుకుంటాం. అమ్మమ్మల కాలంలో అయితే దాన్ని ఊరికే వదిలేవారు కాదు. ఎండబెట్టి, లోపల తొలిచి విత్తనాలు దాచుకునేవారు. పొలానికి నీళ్ళు పట్టుకెళ్ళేవారు. ఈత నేర్చుకునే పిల్లల నడుముకి కట్టేవారు. పాట వచ్చినవాళ్ళ చేతిలో పడితే అదే సొరబుర్ర తంబురయ్యేది.

నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్ళకి తంబుర కొత్తదేమీ కాదు. తత్వాలు పాడేవాళ్ళ భుజాన, బుర్రకథ చెప్పే కథకుడి చేతిలో చూసిందే. కానీ ‘దాన్ని మనమే చేసుకోవచ్చు’ అంటే మాత్రం ‘అబ్బే, రంపాలూ సుత్తులూ మనకెందుకమ్మా?’ అనేస్తాం. కుట్టుమిషన్‌కి బెల్టు ఊడితే మనమే వేసుకుంటాం. మిక్సీ జార్‌కి వాషర్ మనమే మారుస్తాం. మరి తంబుర దగ్గరకొచ్చేసరికి ఎందుకు వెనకాడాలి?

పాట ఉన్న నేలే

మదనపల్లెకీ సంగీతానికీ ఉన్న అనుబంధం చిన్నదేం కాదు. ఆ పక్కనే ఉన్న తరిగొండలో పుట్టిన వెంగమాంబ 18వ శతాబ్దంలోనే కావ్యాలు రాసింది. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని, ఊళ్ళోవాళ్ళు అన్న మాటలన్నీ పడి, తిరుమల చేరి రాస్తూనే ఉంది.

ఇక 1919 ఫిబ్రవరి సంగతి. రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళున్నారు. 1911లో కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడిన ‘జనగణమన’ను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. ఆ పాటకి స్వరం రాసిపెట్టింది ఒక స్త్రీ, మార్గరెట్ కజిన్స్. ఆవిడ భర్త జేమ్స్ కజిన్స్ ఆ కాలేజీ ప్రిన్సిపాల్. ఐర్లండ్‌లో సంగీతం చదువుకుని వచ్చిన మార్గరెట్, ఈ దేశంలో ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం కూడా గట్టిగా పనిచేసింది.

చేసినవాళ్ళే వాయించారు

ఇప్పుడంటే వాయిద్యం కావాలంటే దుకాణానికి వెళ్తున్నాం. జానపద కళాకారులకి ఆ అలవాటు లేదు. ఎవరి వాయిద్యం వాళ్ళే చేసుకునేవారు.

నాగర్‌కర్నూల్ జిల్లాకి చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో వినిపించిన ఆ గొంతు ఆయనదే. ఆ కిన్నెరలో ఏముందని చూస్తే... వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం, తీగలు. అంతే! ఇనుప తీగలు దొరకని రోజుల్లో జంతువుల నరాలు, గుర్రపు వెంట్రుకలే తీగలు. నారాయణపేట జిల్లా దామరగిద్దకి చెందిన దాసరి కొండప్ప వాయించేది బుర్రవీణ. అందులోనూ వెదురు, సొరబుర్ర, తీగ. ఆయనకి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. రెండు వాయిద్యాల్లోనూ సరుకంతా పెరట్లోదీ అడవిలోదీ.

‘అందరూ మగవాళ్ళేగా’ అంటారా? ఆడవాళ్ళకి తంబుర చేతికిచ్చిన సందర్భాలు తక్కువే, నిజమే. ఇచ్చినప్పుడు మాత్రం ఆగలేదు. 1940ల్లో మోటూరి ఉదయం ఆడవాళ్ళతోనే బుర్రకథ దళం కట్టి, వేదికలెక్కి కథ చెప్పింది. ఆడవాళ్ళు నలుగురిలో గొంతెత్తితేనే వింతగా చూసే రోజులవి.

వాయించేది మనం, చేసేది ఎవరో

వీణ దగ్గర మాత్రం మనదే రాజ్యం. ఆడపిల్లకి సంగీతం అనగానే వీణ నేర్పించిన ఇళ్ళు ఎన్నో. అయితే ఆ వీణ ఎలా తయారైందో, అది మూగబోతే ఏం చెయ్యాలో మనకెవరూ నేర్పలేదు.

బొబ్బిలి వీణ పేరు విననివాళ్ళుండరు. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేస్తున్నాయి. పనస దుంగనే తొలిచి బుర్ర, దండి అన్నీ అతుకు లేకుండా ఒకే కర్రలో తీయడం అక్కడి పనితనం. అలా చేసినదాన్ని ఏకాండి వీణ అంటారు. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నూజివీడులోనూ వీణలు చేసే కుటుంబాలున్నాయి. పనసకర్రే ఎందుకంటే అది తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. తీగ కదలికని మింగెయ్యకుండా బయటికి పంపుతుంది.

కర్ర తొలవడం కన్నా కష్టమైన పని చివర్లో ఉంటుంది. దండి మీద మైనంలో బొగ్గుపొడి కలిపి ఒత్తి, దానిమీద 24 మెట్లూ ఒక్కొక్కటిగా నిలబెట్టాలి. మేళం కట్టడం అంటారు దీన్ని. కొలబద్ద కన్నా చెవినే ఎక్కువ నమ్ముకోవాలి. ఒక్క మెట్టు నూలుపోగంత పక్కకి జరిగినా ఆ స్వరం అపస్వరమే. ఇంత పని చేసే చేతులు తగ్గిపోతున్నాయంటే, మన ఇళ్ళలోని వీణలకి వైద్యుడు కరువవుతున్నట్టే.

చేద్దామా మరి!

వీణ చెయ్యడం ఒక జీవితకాలపు విద్య. ఒంటితీగ తంబుర అలా కాదు, సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేసుకోవచ్చు.

ముందు కాయ. కోస్తావాళ్ళు ఆనపకాయంటారు, మనవైపు సొరకాయ. పొడుగు రకం కాదు, కుండలా గుండ్రంగా, అడ్డం తొమ్మిదంగుళాల దాకా ఉన్న రకం కావాలి. తొడిమ దానంతటదే ఎండేదాకా పాదు మీదే వదిలెయ్యండి. తర్వాత కోసి, గాలి తగిలే నీడలో వేలాడదీయండి. ఎండలో పెడితే పగులుతుంది. నెల, రెండు నెలలు పడుతుంది. మధ్యలో పైన బూజు పడితే కంగారొద్దు, తుడిచేస్తే సరి. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయంటే కాయ సిద్ధం. నీళ్ళలో కాసేపు నానబెట్టి కొబ్బరిపీచుతో తోమితే పైపొర ఊడి నున్నటి బుర్ర బయటపడుతుంది.

ఇప్పుడు ఒక పక్కన పళ్ళెంలా కోత పెట్టాలి. కత్తి వద్దు, జారుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రంపం బ్లేడు చాలు, పట్టుకునే చోట గుడ్డ చుట్టండి. లోపలి దూది, గింజలు గరిటెతో గీకెయ్యండి. ఆ పొడి చేదు, దగ్గు తెప్పిస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకునే మొదలెట్టండి. తర్వాత కోసిన అంచుని ఉప్పు కాగితంతో సమంగా రుద్దాలి.

ఇక దండి. బాగా ఎండిన వెదురు కర్ర, మూడడుగులు. బుర్రకి ఎదురెదురుగా రెండు చిల్లులు పెట్టి కర్రని ఇటునుంచి అటు దూర్చండి. అవతల ఒక అంగుళం బయటికి రావాలి, తీగ ముడి వేసేది అక్కడే. కర్ర పైభాగం బుర్ర అంచుకన్నా కొద్దిగా కిందుగా ఉండేట్టు చూసుకుని, చిల్లుల దగ్గర జిగురు పెట్టండి.

కోసిన మొహానికి మూత కావాలి. సన్నటి ప్లైవుడ్ ముక్క గుండ్రంగా కోసి, రూపాయి బిళ్ళంత చిల్లు పెట్టి, ఫెవికాల్‌తో అతికించి, తాడుతో కట్టి రాత్రంతా వదిలెయ్యండి. ఈ మూతే అసలు పాట. తీగ ఒక్కటే మోగితే పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడదు. తీగ కదిలితే దాని కింది చెక్క గుర్రం కదులుతుంది, గుర్రం కదిలితే మూత కదులుతుంది, మూతతోపాటు బుర్రలోని గాలి ఊగుతుంది. అందుకే మూత ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.

కర్ర పైచివర చిల్లు పెట్టి బిరడ దూర్చాలి. ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా చెక్కిన కర్రముక్కే బిరడ. అది జారిపోతుంటే సుద్దముక్క పొడి పూస్తే పట్టుకుంటుంది. మూత మీద చిన్న చెక్క గుర్రం నిలబెట్టండి. బిరడకి కొంచెం ఇవతల, కర్ర మీద మరో సన్నటి చెక్కముక్క పెట్టండి. ఈ రెండింటి మధ్యా సరిగ్గా 24 అంగుళాలుండాలి. సంగీత వాయిద్యాల దుకాణంలో సన్నటి స్టీలు తీగ దొరుకుతుంది. కింద ముడేసి, గుర్రం మీదుగా తెచ్చి, బిరడకి చుట్టి మెల్లగా బిగించండి. బిగించేటప్పుడు మొహం దగ్గరగా పెట్టొద్దు, తీగ తెగితే కంటికి ప్రమాదం.

ఇంచీ టేపుతో సరిగమలు

ఇప్పుడు కుట్టుమిషన్ సొరుగులోంచి ఇంచీ టేపు తీసుకురండి. తీగ మొత్తాన్ని మీటితే వచ్చేది ‘స’ అనుకుందాం. గుర్రం దగ్గర్నుంచి 12 అంగుళాలు కొలిచి, అక్కడ వేలితో నొక్కి మీటండి. అదే ‘స’, కానీ పైస్థాయిది! 16 అంగుళాల దగ్గర నొక్కితే ‘ప’. 18 దగ్గర ‘మ’. తీగ సగమైతే పై ‘స’, మూడింట రెండు వంతులైతే ‘ప’, నాలుగింట మూడు వంతులైతే ‘మ’. లెక్కల పుస్తకంలో భిన్నాలు చూసి భయపడే పిల్లల చేత ఇది చేయించి చూడండి.

ఆ గుర్తుల దగ్గర అగ్గిపుల్ల ముక్కల్ని దారంతో కట్టేస్తే అవే మెట్లు. స్వరం కొంచెం తేడాగా ఉందా? అగ్గిపుల్లని అటో ఇటో జరపండి. తీగని నొక్కినప్పుడు అది ఇంకాస్త బిగుసుకుంటుంది కాబట్టి టేపు చెప్పిన చోటుకీ చెవి చెప్పిన చోటుకీ చిన్న తేడా తప్పదు. చెవి చెప్పిందే వినాలి. గొల్లపల్లి కళాకారుడు మైనంలో మెట్టు జరుపుతూ చేసే పని ఇదే, అగ్గిపుల్లతో మనకి రుచి తెలుస్తుంది.

ఇంకో చిన్న కిటుకు. తీగ ‘టంగ్’మని మోగి చప్పున ఆగిపోతోందా? గుర్రం పైభాగం కాస్త వెడల్పుగా, నున్నగా ఉంటే, దానికీ తీగకీ మధ్య నూలుపోగు ఒకటి దూర్చి నెమ్మదిగా జరుపుతూ మీటండి. ఒకచోట తీగ ఝుమ్మని విచ్చుకుంటుంది. కచేరీ తంబురలకి పెట్టే ఈ దారప్పోగుకి సంగీతంలో ఒక పేరుంది. ‘జీవ’ అంటారు.

గదిమూల వీణ మాటేమిటి?

పెళ్ళికి ముందు గీతాలు, వర్ణాలు వాయించిన చేతులు ఆ తర్వాత వీణని ముట్టుకోకపోవడం మనలో చాలామందికి తెలిసిన కథే. కాపురం, పిల్లలు, ఉద్యోగం, బదిలీలు. ఎప్పుడో ఒకరోజు గుడ్డ తీసి మీటితే బరబరమంటుంది. ‘నాకే మర్చిపోయింది’ అని మళ్ళీ కప్పేస్తాం. చాలాసార్లు మర్చిపోయింది మనం కాదు. ఎండవేడికి మైనం మెత్తబడి మెట్లు ఒరిగిపోయి ఉంటాయి, తీగలు తుప్పుపట్టి ఉంటాయి, బిరడ వదులై ఉంటుంది. ఒక్క తంబుర చేత్తో చేసినవాళ్ళకి ఈ సంగతి చూడగానే తెలిసిపోతుంది. తీగ మార్చుకోవడం, బిరడకి సుద్ద రాయడం ఇంట్లోనే అయిపోతాయి. మేళం మళ్ళీ కట్టించాలంటే పనివాడిని వెతుక్కుని వెళ్ళొచ్చు. మనం అడిగితేనే కదా ఆ పని బతికేది, వాళ్ళ పిల్లలు కూడా నేర్చుకునేది!

ఈ ఏడు పెరట్లో సొరపాదు పెడితే ఒక్క కాయని పులుసులోకి కొయ్యకండి. ఆకుల చాటునే ముదరనివ్వండి.

ఇవి గుర్తుంచుకోండి

* వీణని కిటికీ ఎండ తగిలే చోట, పొయ్యి వేడి తగిలే గోడ పక్కన పెట్టొద్దు. అటక మీద అసలే వద్దు, వేసవిలో అక్కడ వేడి ఎక్కువ.

* ఎక్కువకాలం వాయించనప్పుడు తీగల్ని కొద్దిగా వదులు చేసి ఉంచండి.

* వాయించాక పొడి నూలుగుడ్డతో తీగల్ని తుడిస్తే చెమట తడికి తుప్పు పట్టవు.

* సొరబుర్ర తంబురకి తడి తగలనివ్వొద్దు. బయట పలచగా వార్నిష్ పూస్తే పురుగు పట్టకుండా ఉంటుంది.

* రంపం, బరమా పట్టే పని పెద్దవాళ్ళదే. ఉప్పు కాగితం రుద్దడం, కొలతలు వెయ్యడం పిల్లలకి వదిలెయ్యండి.